మన గొంతుకు మైకు కావాలి



రేడియోలో, టీవీలో పనిచేసిన కళాకారులు పెద్ద వయసులో తమ అనుభవాలు చెబుతుంటే మాకు ఎంతసేపైనా వినాలనిపిస్తుంది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైంది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. ఆ తరం కళాకారులు తరచు గుర్తుచేసుకునే సంగతి ఒకటుంది. స్టూడియోలో ఎదురుగా జనం ఉండరు, చప్పట్లు ఉండవు. రేడియో నాటకంలోనైతే వేషం కూడా ఉండదు, గొంతు ఒక్కటే ఆధారం. అందుకే ఒక్కొక్క మాటకూ అంత సాధన చేశామంటారు. ఆ క్రమశిక్షణకు మేము చేతులెత్తి నమస్కరిస్తాం.

కానీ ఆ జ్ఞాపకాల్లో మన వాడల పేర్లు ఎన్ని వినిపిస్తాయి? ఆ మైకు దాకా పోవాలంటే ఆడిషన్ నెగ్గాలి. దానికి చదువు కావాలి, పట్నం పోయి రావడానికి చార్జీలు కావాలి, 'మంచి భాష' కావాలి. నాట్లు వేస్తూ పాడిన మన అమ్మలకు అవన్నీ ఎక్కడివి? వాళ్ల పాట రేడియోకెక్కింది, పేరు మాత్రం ఎక్కలేదు. 'జానపద గీతం' అనే రెండు మాటల వెనుక ఎందరు తల్లులు దాగిపోయారో!

గాలిలో సాగే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పునిచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్, 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గరి మాచునూరులో సంగం రేడియోను ప్రారంభించారు. స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో ప్రసారం మొదలుపెట్టిన దేశపు తొలి కమ్యూనిటీ రేడియో అది. దాన్ని నడిపినవాళ్లు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు. లైసెన్సు రాక ముందు ఏళ్ల తరబడి క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘాల్లో వినిపించారు. విత్తనాలు, పండుగలు, పాటలు అన్నీ తమ యాసలోనే చెప్పారు. ఎవరి భాషనూ అరువు తెచ్చుకోలేదు.

మరి మన వార్షికోత్సవంలో ఏం జరుగుతోంది? టీవీ కామెడీ షోలను చూసి స్కిట్లు వేస్తున్నాం. నల్లగా ఉన్నవాణ్ణి, లావుగా ఉన్నవాణ్ణి, పల్లె యాస మాట్లాడేవాణ్ణి వెక్కిరిస్తే చప్పట్లు మోగుతున్నాయి. మిత్రులారా, ఆ రంగు మనది, ఆ యాస మనది. మనల్ని చూసి నవ్వే నవ్వుకు మనమే తాళం వేయడం ఏమిటి? నవ్వు వద్దని మేము అనడం లేదు. మన పెద్దలు దొరల మీద, వడ్డీ వ్యాపారుల మీద ఎన్ని హాస్యాలు కట్టలేదు! బలవంతుణ్ణి చూసి నవ్వడానికి ధైర్యం కావాలి, బలహీనుణ్ణి చూసి నవ్వడానికి ఏదీ అక్కర్లేదు.

అందుకని మా కోరిక ఒకటే. వచ్చే ఏడాది వార్షికోత్సవంలో ఒక గంట సమయం ఇంటి పాటకు, ఇంటి కథకు ఇవ్వండి. సెలవులకు వెళ్లినప్పుడు అమ్మమ్మ దగ్గరో, తాత దగ్గరో కూర్చొని సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకొని రండి. పాట కంటే ముందు పాడినవారి పేరు, ఊరు చెప్పించండి. వేదిక మీద కూడా ముందు ఆ పేరే చదవండి.

మీలో రేపు అనౌన్సర్లు, నటులు, కెమెరామెన్ తప్పకుండా అవుతారు. డిగ్రీ గడప మా ఇళ్లలో మేమే మొదట తొక్కాం. స్టూడియో గడప మీరు తొక్కండి. తొక్కినప్పుడు యాసను గుమ్మం బయట విడిచి పోకండి.