మంగళవారం మూసిన తలుపు

పారిస్ వెళ్లే మనవాళ్ల చేతిలోని కాగితం దాదాపు ఒకేలా ఉంటుంది. ఐఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం, వెర్సాయ్ రాజభవనం, సెన్ నదిలో పడవ షికారు. ఏవేవి చూడాలో అందులో రాసి ఉంటుంది. ఏ రోజు, ఎన్నింటికి అన్నది మాత్రం ఉండదు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

లూవ్ర్‌కి మంగళవారం సెలవు. ఓర్సే మ్యూజియానికీ, ఊరి బయటున్న వెర్సాయ్‌కీ సోమవారం సెలవు. దాంతో సోమవారం ఆ జనమంతా లూవ్ర్ మీద పడతారు, మంగళవారం లూవ్ర్ జనం వాటి మీద పడతారు. ఊరి సంగతి తెలిసినవాళ్లు ఈ రెండు రోజులూ తప్పించి, బుధవారమో శుక్రవారమో సాయంత్రం పూట లూవ్ర్‌కి వెళతారు. ఆ రెండు రోజుల్లో అది రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది.

2024లో లూవ్ర్ చూసినవాళ్లు 87 లక్షల మంది. రోజుకు 30 వేలకు మించి రానివ్వకూడదని మ్యూజియం హద్దు పెట్టుకుంది. లోపలికి వెళ్లే సమయం ముందే ఎంచుకుని టికెట్టు కొనుక్కోవాలి. 18 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితమే అయినా, వాళ్లకూ స్లాట్ తీసుకోవడం మేలు.

ఇంత చేసినా మోనాలిసా గదిలో తోపులాట తప్పదు. ఆ చిత్రం ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. అద్దం వెనక ఉంటుంది, దగ్గరికి వెళ్లనివ్వరు. పైకెత్తిన ఫోన్ల నడుమ, నాన్న భుజాలెక్కిన పిల్లకు తప్ప సరిగా కనపడదు. ఎదుటి గోడ మీద వెరొనీస్ గీసిన కానా పెళ్లివిందు దాదాపు 10 మీటర్ల వెడల్పున పరుచుకుని ఉంటుంది. ఆ మ్యూజియంలోకెల్లా పెద్ద చిత్రం అదే. విందుకు కూర్చున్నవాళ్లు, వాద్యగాళ్లు, కుక్కలు... పిల్లలు ఎంతసేపైనా లెక్కపెట్టుకోవచ్చు. జనం మాత్రం దానికి వీపు తిప్పి నిలబడతారు.

సెలవుల్లో హైదరాబాద్ వచ్చే కుటుంబాల కథా ఇదే. గురువారం రాత్రి రైలెక్కుతారు, శుక్రవారం పొద్దున దిగి నేరుగా పాతబస్తీకి వెళతారు. సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లా ప్యాలెస్‌కీ శుక్రవారమే సెలవని ఆటో దిగి గేటు ముందు నిలబడ్డాక తెలుస్తుంది. అవి మళ్లీ శని, ఆదివారాల రద్దీలోకి జరుగుతాయి.

వెళ్లిన రోజైనా వేళ చూసుకోవాలి. సాలార్‌జంగ్ గడియారంలో గంట గంటకూ బుల్లి బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండు దెబ్బలూ వినాలని మధ్యాహ్నం జనం మూగుతారు. 11 గంటలకు వెళితే తగ్గేది ఒక్క దెబ్బే, కూర్చోడానికి చోటూ దొరుకుతుంది. ఇక పన్నెండింటికి అందరూ అక్కడ ఉన్నప్పుడు, మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని పిల్లలకు తీరిగ్గా చూపించవచ్చు.

స్లాట్ మనకు కొత్త కాదు. తిరుమల 300 రూపాయల దర్శనానికి నెలల ముందే ఆన్‌లైన్‌లో కాచుకుని కూర్చుంటాం. టికెట్టు దొరికిన రోజును బట్టే రైలూ, గదీ చూసుకుంటాం. అదే ఇల్లు విహారయాత్ర అనేసరికి ‘వెళ్లాక చూద్దాంలే’ అంటుంది. దేవుడి దగ్గర చూపే ఆ ముందుచూపులో సగం మ్యూజియం దగ్గర చూపినా చాలు.

పిల్లలూ ముసలివాళ్లూ ఉన్న కుటుంబానికి రోజుకు ఒక్క పెద్ద చోటు ఎక్కువే. అది పొద్దున్నే చూసేయాలి. మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాల్చాలి. సాయంత్రం ఆరుబయట గడపాలి. పారిస్‌లో అయితే లూవ్ర్ పక్కనే ట్యూలరీ తోట, హైదరాబాద్‌లో అయితే ట్యాంక్‌బండ్. రెండింటికీ టికెట్టు లేదు.

ఈసారి బయల్దేరే ముందు ఆ కాగితం తీసి, ప్రతి పేరు పక్కనా మూడు సంగతులు రాయండి: సెలవు రోజు, తెరిచే వేళ, టికెట్టు దొరికే తీరు. మూడూ రాయలేని పేరును కొట్టేయండి.