పోస్టు రద్దయితే నష్టం ఎవరికి?

ఒక కార్ఖానా మూతపడినప్పుడు "ఎవరి ఉద్యోగమూ పోలేదు. అందరినీ వేరే చోటికి మార్చాం" అని యాజమాన్యం చెబుతుంది. ఆ మాట నిజమే కావచ్చు. కాని అది సగం నిజం మాత్రమే.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ సంగతి చూడండి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ పెద్ద వర్క్‌షాపు పెట్టింది. పని కోసం వెళ్ళిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళోనే స్థిరపడ్డాయి. 1927లో ఆ వర్క్‌షాపులో కార్మికులను తగ్గించబోతే పెద్ద సమ్మె జరిగింది. ఆనాటి కార్మిక నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. తరువాత ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఆ రోజుల్లో ఉద్యోగం పోవడం కంటికి కనబడేది. పని పోయినవాడు గేటు బయట నిలబడేవాడు.

ఇప్పుడు అలా కనబడదు. రైల్వే ముద్రణాలయాలనే తీసుకోండి. టిక్కెట్లు, రశీదు పుస్తకాలు, ఫారాలు అక్కడ అచ్చయ్యేవి. 2002లో ఇంటర్‌నెట్ టిక్కెట్లు వచ్చాయి. తరువాత సెల్‌ఫోనులోనే టిక్కెట్టు దొరకసాగింది. అచ్చుపని తగ్గింది. చివరికి బైకుల్లా, హౌరా, షకూర్‌బస్తీ, రాయపురం, సికిందరాబాదు ముద్రణాలయాలు మిగిలాయి. వాటినీ మూసివేయాలని 2023లో రైల్వే బోర్డు నిర్ణయించింది.

పని లేని యంత్రాన్ని తిప్పుతూనే ఉండాలని నేను అనను. శాశ్వత ఉద్యోగిని మరో శాఖకు మారిస్తే అతని జీతం నిలుస్తుంది. కాని అక్షరాలు కూర్చడంలో, బైండింగులో అతను ఏళ్ళ తరబడి నేర్చిన పనితనం కొత్త చోట అక్కరకు రాదు. అతను రిటైరయ్యాక ఆ పోస్టులోకి మరొకరు రారు. నష్టం అతనికి కాదు, రేపు ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టవలసిన యువకునికి. ఆ యువకుని పేరు ఏ జాబితాలోనూ ఉండదు. అందుకే అతని తరఫున సమ్మె చేసేవారూ ఉండరు. ఖరగ్‌పూర్ వంటి రైల్వే ఊళ్ళకు ఈ నష్టం మరీ ఎక్కువ. అక్కడ దుకాణాలు, బడులు, అద్దె ఇళ్ళు అన్నీ రైల్వే జీతాల మీదే పెరిగాయి.

కాబట్టి ఒక విభాగాన్ని మూసేముందు మూడు పనులు జరగాలి. ఉద్యోగులకు ముందుగా తెలియజెప్పాలి. కొత్త పనిలో జీతంతో కూడిన శిక్షణ ఇవ్వాలి. ఎన్ని పోస్టులు రద్దయ్యాయో, వాటికి బదులు ఆ ఊళ్ళో ఏ పని కల్పిస్తారో బహిరంగంగా ప్రకటించాలి.

మీ ఊళ్ళో ఏదైనా మూతపడితే "ఎంతమందిని తీసేశారు?" అని మాత్రమే అడగకండి. "ఇక ముందు ఎంతమందిని తీసుకోరు?" అని కూడా అడగండి.