పాఠం అయిపోయింది, మరి అర్థమైందా?



"మేడం, మా బాబు నోట్స్‌ల ఏం లేదు. పాఠం చెప్తలేరా?" అని మొన్న గొల్లపల్లిలో ఒక నాన్నగారు అడిగారు. చెప్తున్నానండీ. కానీ పీరియడ్ మొత్తం నేనే మాట్లాడటం తగ్గించాను.

కారణం ఉంది. ఆరో తరగతికి ఎవాపరేషన్ గురించి 40 నిమిషాలు ఇంగ్లీషులో లెక్చర్ ఇచ్చాను. "అండర్‌స్టుడ్?" అంటే అందరూ "యెస్ మేడం" అన్నారు. ఎండలో పోసిన వడ్లు ఎందుకు ఆరుతాయని తెలుగులో అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. రోడ్డు మీద వడ్లు ఆరబోసే ఊళ్ల పిల్లలు! తప్పు వాళ్లది కాదు, నాది.

సైన్సు, లెక్కల కాలేజీ క్లాసులపై జరిగిన 225 అధ్యయనాలను 2014లో కలిపి చూశారు. క్లాసులో చేస్తూ, చర్చిస్తూ నేర్చుకున్నవారి కంటే, లెక్చర్ మాత్రమే విన్నవారు ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు ఎక్కువని తేలింది. లెక్చర్ అసలే వద్దని నేను అనను. కొత్త విషయాన్ని పరిచయం చేయడానికి అది కావాలి, 10 నిమిషాలు. మన ఒగ్గు కథలో కూడా కథకుడు ఒక్కడే చెప్పుకుంటూ పోడు, పక్కవాళ్లు అందుకుంటూ ఉంటారు.

కాబట్టి నోట్స్ పేజీలు లెక్కపెట్టకండి. రాత్రి "ఇయ్యాల ఏం నేర్చుకున్నవో నాకు చెప్పు" అని అడగండి. తెలుగులోనే చెప్పనివ్వండి. నాన్న దుబాయ్‌లో ఉంటే వీడియో కాల్‌లో చెప్పించండి. ఎక్కడ ఆగిపోయారో డైరీలో రాసి పంపండి. మర్నాడు అక్కడి నుంచే మొదలుపెడతాను.