పేరుకే వాటా

మొన్న మా హోసూరు తెలుగు సంఘం సమావేశంలో ఒక యువ మిత్రుడి ప్రతిపాదనకు అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకో చెప్పుకోవాలి.

మన కుర్రవాడొకడు కంప్యూటర్ మీద చక్కని బొమ్మలు వేస్తాడు. అతని బొమ్మనొకదాన్ని ఎన్‌ఎఫ్‌టీగా నమోదు చేసి, వెయ్యి టోకెన్లుగా విడగొట్టి సభ్యులకు అమ్మాలట. అందరూ బొమ్మకు యజమానులే. ధర పెరిగితే అందరికీ లాభమే.

నేను కామర్సు చదివి, ముప్పై ఏళ్లుగా బ్యాంకులో పద్దులు చూస్తున్నవాణ్ణి. కళ గురించి తెలిసింది తక్కువ. వాటా గురించి కొంత తెలుసు. 1932 భాగస్వామ్య చట్టం కింద భాగస్థుడికి లాభంలో పాలుంది, వ్యవహారంలో మాట ఉంది, లెక్కల పుస్తకం తెరిచి చూసే హక్కుంది. ఈ టోకెన్‌దారుకు ఏముంది? బొమ్మ నకలు ఎవరైనా తీసుకోగలరు. అచ్చువేసే హక్కు టోకెన్‌తో దానంతటదే రాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం దాని బదిలీకి సంతకం చేసిన రాత కావాలి. టోకెన్ అంటే బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టాలో ఒక పద్దు. పద్దు నిక్కచ్చిదే. దాని వెనక సరుకేదని నా ప్రశ్న.

జరిగిన కథే చూడండి. తమిళనాడు మూలాలున్న సింగపూర్‌వాసి విఘ్నేశ్ సుందరేశన్ సంస్థ మెటాపర్స్, అమెరికన్ చిత్రకారుడు బీపుల్ వేసిన 20 డిజిటల్ బొమ్మలను 2020 డిసెంబరులో కొన్నది. వాటిని ఒక్క మూటగా కట్టి కోటి టోకెన్లు చేసింది. సగానికి పైగా తన దగ్గరే ఉంచుకుంది. 2021 జనవరిలో ఒక్కో టోకెన్ 36 సెంట్లు. మార్చి 11న అదే బీపుల్ మరో బొమ్మను సుందరేశన్ క్రిస్టీస్ వేలంలో సుమారు 6.93 కోట్ల డాలర్లకు కొన్నారు. ఆ రోజుల్లో టోకెన్ 20 డాలర్లు దాటింది. 2022లో డాలరు కూడా పలకలేదు. ఆ బొమ్మల్లో ఒక్క గీత మారలేదు. మారింది కొనేవాళ్ల ఆత్రమే.

చిత్రకారుడికి ప్రతి మారు అమ్మకంలోనూ రాయల్టీ వస్తుంది కదా అన్నారు. మంచి ఆలోచనే. కాని ఓపెన్‌సీ అనే పెద్ద అంగడి 2023లో ఆ రుసుమును అమ్మేవారి ఇష్టానికి వదిలేసింది. ఇష్టంగా ఇచ్చేది హక్కెలా అవుతుంది? ఇక మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి లాభం మీద 30 శాతం పన్ను. ఒకదాని నష్టాన్ని మరోదాని లాభంలో తీసేసుకునే వీలూ లేదు.

నా భయం డబ్బు గురించి మాత్రమే కాదు. మా సభ్యుల్లో గులాబీ తోట కౌలుకు చేసేవారున్నారు, పెన్షన్ మీద బతికేవారున్నారు. బయటివాడు అమ్మజూపితే వందసార్లు ఆలోచిస్తారు. సంఘం వేదిక మీద మన భాషలో మనవాడు చెబితే ప్రశ్న అడగరు. పరాయి రాష్ట్రంలో తరాలుగా మనం కూడబెట్టుకున్న మూలధనం ఆ నమ్మకమే. దాన్ని పందెంలో పెట్టే అధికారం మనకెవరిచ్చారు?

కుర్రవాడికి మేలు చేయాలంటే దారి ఉంది. అతని బొమ్మను మంచి కాగితం మీద అచ్చువేయించి, సంతకం పెట్టించి అమ్ముదాం. డబ్బు ఆ రోజే అతని చేతికిద్దాం. మొదటి ప్రతి నేనే కొంటాను. సంఘానికి నిధి కావాలంటే రసీదిచ్చి చందా అడుగుదాం.

టోకెన్లే మేలనేవారు వచ్చే సమావేశానికి ఒక్క జవాబు తెచ్చుకోండి: కొనడానికి మరొకరు రాని రోజున మా చేతిలో ఏం మిగులుతుంది?