కూలితో పాటు ఇంటి దారీ చూపండి

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

పొట్ట చేతపట్టుకుని ఊరు దాటినవారు బాగుపడ్డారా అని అడిగితే, కూలి ఎంత పెరిగిందో ప్రభుత్వాలు చెబుతాయి. కూలి పెరగడం అవసరమే. దానితో పాటు మనిషి సంతోషమూ పెరిగిందా అన్నది వేరే ప్రశ్న. చైనాలో 2002 నాటి సర్వేను పరిశీలించిన ఆర్థికవేత్తలు జాన్ నైట్, రమణి గుణతిలక ఈ ప్రశ్నే వేశారు. 0 నుంచి 4 వరకు ఉన్న కొలతలో పల్లెల్లోనే ఉన్నవారి సంతోషం సగటున 2.7, నగరాలకు వలస వెళ్లినవారిది 2.4. సంపాదన ఎక్కువున్నవారికే సంతోషం తక్కువ. ఊళ్లో ఇరుగుపొరుగుతో పోల్చుకున్న మనిషి నగరం చేరాక నగరవాసితో పోల్చుకుంటాడు. సంపాదన ఎంత పెరిగినా ఆశ ముందే నడుస్తుంది.

పల్లెవాసికి నగరంలో హక్కులు దక్కనివ్వని హుకౌ నమోదు పద్ధతి చైనాది, మనకా బెడద లేదు కదా అనవచ్చు. దేశంలో ఎక్కడైనా తిరిగే, స్థిరపడే హక్కు మన రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చింది, నిజమే. కానీ తరతరాలుగా గుంపు మేస్త్రీ వెంట ఆనకట్టలు కట్టడానికి దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్‌ను చూడండి. పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగిలారు, లేదా తల్లిదండ్రుల వెంట వెళ్లి బడికి దూరమయ్యారు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల కథా అదే. చట్టం అడ్డుపడకపోయినా, ముందే తీసుకున్న అడ్వాన్సు ఇంటి దారి మూసేస్తుంది.

ఇష్టపడే వెళ్లారు, బాగాలేకపోతే తిరిగి రారా అనేవారున్నారు. పంట చేతికి రాని చేను ఒకవైపు, తీర్చాల్సిన అడ్వాన్సు మరోవైపు ఉన్నప్పుడు ఆ ఇష్టానికి అర్థం తక్కువ. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వందల కిలోమీటర్లు కాలినడకన బయల్దేరినవారు ఆపదలో నమ్ముకున్నది ఊరినే. అలాగని వలసను ఆపమనడం లేదు; అది ఆకలికి చాలామంది వెతుక్కున్న జవాబు. వెళ్లిన మనిషికీ ఇంటికీ మధ్య దారం తెగకుండా చూడమంటున్నాను.

ఆ దారం చట్టంలో ఉంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలోని స్థానచలన భత్యం 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కనబడదు. అయినా సొంతూరికి ఏడాదికోసారి రానుపోను చార్జీలు యజమాని ఇవ్వాలని ఆ కోడ్ 61వ సెక్షన్ చెబుతోంది. యజమానులకు ఇది భారమంటారు. ఏడాది పొడవునా చేయించుకున్న పని ముందు ఒక రైలు టికెట్ ఎంత? అసలు లోపం మరొకటి. ఆంధ్రలోని ఇచ్ఛాపురం నుంచి పక్కనే ఒడిశాలో ఉన్న బరంపురం వెళ్లినవారు అంతర్రాష్ట్ర కార్మికులు. శ్రీకాకుళం నుంచి తిరుపతి వెళ్లినవారు కారు. ఎడబాటుకు రాష్ట్ర సరిహద్దు కొలత కాదు, దూరమే కొలత.

అందుకే మూడు కోరుతున్నాను. ఆ చార్జీలతో పాటు జీతంతో కూడిన సెలవు ఇప్పించండి. రాష్ట్రం లోపలే దూరం వెళ్లినవారికీ ఈ రెండింటినీ వర్తింపజేయండి. మీ వలస సర్వేల్లో కూలి ఎంత అన్న ప్రశ్న పక్కనే, ఇంటికి వెళ్లి ఎన్నాళ్లయింది అని కూడా అడగండి. ఆ జవాబులు చేతికొచ్చాక, వలస వల్ల ఎవరు బాగుపడ్డారో మీరే చెప్పగలరు.

ఇట్లు,
ఒక పౌరుడు