బడిలో నులిపురుగుల మాత్ర.. సుగ్గికెళ్లిన పిల్లలకు అందేదెలా?

ఏటా ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం. ఆ రోజు ఉయ్యాలవాడలో బడికో, అంగన్‌వాడీకో వెళ్లే పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఉన్నచోటే అందుతుంది. మరి అదే రోజు అమ్మానాన్నలతో గుంటూరు మిరప చేలో ఉన్న పిల్లాడి సంగతేంటి?

ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఇది ఊహించి అడిగే ప్రశ్న కాదు. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వంటి పడమటి మండలాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే 'సుగ్గి'కి కదిలిపోతాయి. మిరప కోతలు జోరుగా సాగేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అంటే మాత్ర వేసే రోజు సరిగ్గా వలస మధ్యలో పడుతోంది.

పురుగులు ఎలా సోకుతాయి?

ఏలికపాము, కొరడా పురుగు గుడ్లు మట్టి చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా కడుపులోకి చేరతాయి. కొంకి పురుగు దారి వేరు. బహిర్భూమికి వెళ్లిన చోట తడి నేలలో గుడ్లు పొదిగి, పిల్ల పురుగులు ఒట్టి కాళ్ల చర్మంలోంచే లోపలికి దూరతాయి. పేగుకు అతుక్కుని రక్తం పీలుస్తాయి. నెలల తరబడి అలా సాగితే రక్తహీనత వస్తుంది. పిల్లల్లో ఎదుగుదల కూడా దెబ్బతింటుంది. చేల పక్కన గుడారం, మరుగుదొడ్డి లేకపోవడం, కాళ్లకు చెప్పుల్లేకపోవడం.. పురుగుకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందికి ఈ పురుగులు ఉన్నాయన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

నిబంధనల్లో లోటుందా?

కాగితం మీద లేదు. 2015లో మొదలైన ఈ కార్యక్రమం 1 నుంచి 19 ఏళ్ల వారందరికీ వర్తిస్తుంది. రెండేళ్లలోపు వారికి అర మాత్ర, మిగతావారికి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. బడి మానేసిన పిల్లలకు అంగన్‌వాడీలో వేయాలి. ఆ రోజు తప్పినవారికి సాధారణంగా వారం తర్వాత మరో విడత ఉంటుంది. కానీ సుగ్గికెళ్లిన పిల్లాడు వారంలో తిరిగి రాడు. సొంతూరి రిజిస్టర్‌లో గైర్హాజరు, వెళ్లిన ఊరి రిజిస్టర్‌లో అసలు పేరే ఉండదు. చిక్కంతా ఇక్కడే. ఆగస్టు విడత దొరికినా, పురుగు అప్పటికే నెలల పాటు లోపల ఉంటుంది.

వేరే దారి ఉందా?

అమెరికా 1999 నుంచి ఆఫ్రికా, ఆగ్నేయాసియా శరణార్థులకు ప్రయాణానికి ముందే, పరీక్షలతో పని లేకుండా ఆల్బెండజోల్ ఇప్పిస్తోంది. మనిషి ఎప్పుడు కదులుతాడో చూసుకుని మందు ఇవ్వడమే అందులోని కిటుకు. మన దగ్గరా బండి ఎక్కే ముందు ఒకటి, ఉగాదికి ఊరు చేరాక ఒకటి వేయొచ్చు. పిల్లలను ఊళ్లోనే ఉంచే సీజనల్ హాస్టళ్లు సమయానికి తెరిస్తే సగం పని అక్కడే తీరుతుంది. మాత్ర ఉన్న పురుగుల్ని చంపుతుందే తప్ప కొత్తవి రాకుండా ఆపలేదు కాబట్టి, గుడారాల దగ్గర మరుగుదొడ్డి మాత్రం తప్పదు.

ఇక ఒట్టి కాళ్లతో చేలో దిగే పెద్దల మాట. గర్భిణులకు నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య ఒక మాత్ర ఇస్తారు. మిగతా పెద్దల్లో చాలామందికి ఈ మాత్ర అందదు. నీరసం, ఆయాసం ఉంటే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త, మల పరీక్షలు అడగాల్సిందే. అందుకోసం ఆ రోజు కూలి వదులుకోవాలి.