ఆ కాలమ్ ఎవరు చూడాల?

మొన్న జమ్మలమడుగు బస్టాండులో ఒక తమ్ముడు కలిసినాడు. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో చదువుతున్నాడు. కాలేజీ పేరొద్దు, వాడింకా అక్కడే చదవాల. ఫోన్ తీసి క్లాసు వాట్సాప్ గ్రూపు చూపించినాడు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఈకేవైసీ చేయించుకోవాల్సిన వాళ్ల జాబితా అని ఆఫీసు నుంచి ఎక్సెల్ షీటు పెట్టినారు. పేరూ రోల్ నంబరూ ఉంటే చాలు కదా! కులం, ఉపకులం, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ ఉన్నాయి.

"అన్నా, రెండేండ్లు నేనేమోళ్లో ఎవరికీ చెప్పలే. ఒక్క ఫైలుతో అయిపాయె" అన్నాడు. రూమ్మేటు అదే రాత్రి కంచం తీసుకుని పక్క రూముకు పోయినాడంట.

పులివెందులలో ఇల్లు బాడుగకు అడగండి, "మీరేమోళ్లప్పా?" అనేదే మొదటి మాట. దానికి జవాబు చెప్పకుండా తిరిగి రావచ్చు, అవసరమైతే అబద్ధమూ ఆడొచ్చు. ఫైలు దగ్గర ఆ వీలు కూడా లేదు.

అయితే కులం కాలమే తీసేయండి అంటారు కొందరు మిత్రులు. నేనొప్పుకోను. స్కాలర్‌షిప్పు, రిజర్వేషను, బ్యాక్‌లాగ్ పోస్టులు, సబ్‌ప్లాన్ నిధులు, ఇప్పుడు వర్గీకరణ - అన్నిటికీ ఆ లెక్క కావాల. కాలమ్ ఉండాల్సిందే. దాన్ని ఎవరు చూడాలన్నదే నా గొడవ.

కంప్యూటర్ సైన్స్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది ల్యాబ్‌లో చెప్పే పాఠమే. పోస్ట్‌గ్రెస్‌లో గానీ మైఎస్‌క్యూఎల్‌లో గానీ గ్రాంట్ సెలెక్ట్ అని రాసి, పక్కన బ్రాకెట్లో పేరు, రోల్ నంబరు మాత్రమే పెడితే ఆ యూజర్‌కు ఆ రెండు కాలమ్‌లే కనిపిస్తాయి. అన్నీ చూపించమంటే డేటాబేసే కుదరదంటుంది. 'ఎస్సీలను మాత్రం ఏరి చూపించు' అన్నా కుదరదంటుంది. ఒరాకిల్‌లో అయితే కావాల్సిన కాలమ్‌లతో ఒక వ్యూ చేసి, దానికే అనుమతి ఇస్తారు.

ఇక్కడ ఒక మోసం ఉంది, గుర్తు పెట్టుకోండి. ముందే టేబుల్ మొత్తానికి అనుమతి ఇచ్చేసి, తర్వాత కులం కాలమ్ ఒక్కదానికి రివోక్ రాస్తే పోస్ట్‌గ్రెస్‌లో ఏమీ మారదు. మొత్తం అనుమతి వెనక్కి తీసుకుని, అవసరమైన కాలమ్‌లే మళ్లీ ఇవ్వాల. స్క్రీను మీద దాచిపెట్టి 'కనపడదులే సార్' అనేవాళ్లను అసలు నమ్మొద్దు.

మార్చే హక్కు ఇంకో సంగతి. ఫోన్ నంబరు సరిచేసే ఆపరేటరుకు కులం గడి ముట్టుకునే పనేముంది? ఎస్సీ అన్నచోట బీసీ-సీ అని పడితే ఏమవుతుందో మన క్రైస్తవ కుటుంబాలకు నేను చెప్పాల్నా?

ఇది మా తమ్ముడి కాలేజీ ఒక్కదాని కథ కాదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు బయటపడినాయి. పక్కనే బ్యాంకు ఖాతా, కులం, మతం. బయటపెట్టింది పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. ఇల్లు కావాలని అర్జీ పెట్టుకున్నందుకు కులం లోకానికంతా తెలియాల్నా?

తమిళనాడులో 2023లో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి మీద తోటి పిల్లలే కొడవళ్లతో దాడి చేసినాక జస్టిస్ చంద్రు కమిటీ వేసినారు. 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ హాజరు పట్టీలో కులం ఉండొద్దంది. స్కాలర్‌షిప్పు సంగతి క్లాసులో చదవొద్దు, పిల్లలను విడిగా పిలిచి చెప్పాలంది. కాగితం పట్టీకైనా కంప్యూటరుకైనా పద్ధతి ఒకటే.

ఎంత కట్టడి చేసినా, పూర్తి అనుమతి ఉన్నాయన ఎక్సెల్‌లోకి దించి ఫార్వర్డ్ చేస్తే ఆపేదేమీ లేదు. ఒకే పాస్‌వర్డు ఆఫీసులో నలుగురు వాడితే చేసిందెవరో కూడా తేలదు. అందుకే పేర్లు అడగాల. టీ అంగట్లో కూర్చుని సాంఘిక సంక్షేమ శాఖకు సమాచార హక్కు దరఖాస్తు రాసినాము: మా కులం కాలమ్ చూసే అనుమతి ఏయే హోదాల వాళ్లకుంది? మార్చే అనుమతి ఎవరికుంది? డౌన్‌లోడ్ చేసిన ప్రతిసారీ నమోదవుతుందా? కాలేజీ లాగిన్‌కు ఏమేం కనిపిస్తాయి?

30 రోజుల్లో జవాబు రావాల. వస్తే ఇక్కడే పెడతా. గ్రూపులో ఆ ఫైలు ఇంకా అట్లే ఉంది.